మూడు సీట్లు మార్చాక దొరికిన తోలు శాడిల్: 14 వేల కిలోమీటర్ల అనుభవం

ఉప్పల్‌లో బయల్దేరి వరంగల్ హైవే మీద జనగామ వెళ్లి వస్తే, రానూపోనూ 150 కిలోమీటర్ల దాకా అవుతుంది. మొదటిసారి ఆ దూరం తొక్కి ఇంటికొచ్చిన రోజు కాళ్లు బాగానే ఉన్నాయి, ఆయాసమూ లేదు. కుర్చీలో మాత్రం కూర్చోలేకపోయాను. రాత్రి భోజనం నిలబడే చేశాను. మర్నాడు ఆఫీసులో దిండు వేసుకుని కూర్చున్నాను. సైకిల్ అమ్మేద్దామని నాకు అనిపించింది ఆ ఒక్కసారే, అదీ సీటు వల్లే.

ఇదంతా ఆరేళ్ల కిందటి మాట. ఇప్పుడు నా సైకిల్‌కి ఉన్నది బ్రూక్స్ బి17 అనే తోలు శాడిల్. నాలుగేళ్లలో దాని మీద 14 వేల కిలోమీటర్లు దాటాను. పదమూడున్నర గంటల్లో ముగించాల్సిన 200 కిలోమీటర్ల బీఆర్‌ఎంలు (గడువు పెట్టి తొక్కించే దూరపు సైకిల్ రైడ్‌లు) చాలా ఉన్నాయి, 20 గంటల గడువున్న 300లు నాలుగున్నాయి, 27 గంటల 400 కూడా ఒకటుంది. ఆ 400 చివర్లో మోకాళ్లు నొప్పెట్టాయి, నిద్ర ముంచుకొచ్చింది, కానీ సీటు గురించి ఆలోచనే రాలేదు. శాడిల్ నుంచి నాకు కావాల్సింది అదే, అది ఉందన్న సంగతే మర్చిపోవడం.

అక్కడిదాకా రావడానికి రెండేళ్లు పట్టింది. సైకిల్‌తో పాటు వచ్చిన సీటు సన్నగా, రాయిలా ఉండేది. తప్పంతా ఆ గట్టిదనానిదే అనుకుని ముందు జెల్ కవర్ తొడిగాను, తర్వాత స్పాంజి దట్టంగా ఉన్న వెడల్పాటి సీటు కొన్నాను. షాపులో బొటనవేలితో నొక్కితే దూదిలా దిగిపోయింది. మొదటి పది కిలోమీటర్లు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. భువనగిరి దాటేసరికి కాళ్ల మధ్య తిమ్మిరి మొదలైంది. పాత సీటు మీద ఎంత నొప్పి ఉన్నా, తిమ్మిరి మాత్రం ఎప్పుడూ లేదు.

కారణం తర్వాత తెలిసింది. సైకిల్ మీద మన బరువు మోయాల్సింది పిరుదుల కింద చేతికి తగిలే రెండు ఎముకలు. స్పాంజి మరీ మెత్తగా ఉంటే ఆ ఎముకలు అందులో కూరుకుపోతాయి, మధ్యలో ఉన్న స్పాంజి పైకి ఉబ్బి సున్నితమైన భాగాన్ని ఒత్తుతుంది. నరాలు, రక్తనాళాలు ఉండే చోటది. గంటల తరబడి అవి నలిగితే తిమ్మిరి వస్తుంది. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఎముకల దగ్గర నొప్పి కొత్తలో అందరికీ ఉంటుంది, కొన్ని వారాలకు తగ్గుతుంది. తిమ్మిరి మాత్రం ఓర్చుకుని అలవాటు చేసుకునేది కాదు. వచ్చిందంటే సీటో, దాన్ని బిగించిన తీరో సరిగ్గా లేదని అర్థం. సరిచేశాక కూడా వస్తుంటే డాక్టర్‌కి చూపించుకోవాలి.

ఆ సీటుతో ఇంకో బాధ, వెడల్పు. తొక్కిన ప్రతిసారీ తొడల లోపలివైపు ఒరుసుకునేది. గజ్జల్లో చర్మం కందిపోయి, ఒక వేసవిలో సెగగడ్డ లేచింది. పది రోజులు సైకిల్ ముట్టుకోలేదు.

అప్పుడు చేశాను, ముందే చేయాల్సిన పని. అట్టపెట్టె ముక్క ఒకటి తీసుకుని గచ్చు మెట్టు మీద పరిచి, పల్చటి నిక్కరుతో దాని మీద కూర్చున్నాను. మడమలు కాస్త లేపి, హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగి, అర నిమిషం కదలకుండా ఉన్నాను. లేచి చూస్తే అట్ట మీద రెండు గుంటలు పడ్డాయి. సరిగ్గా కనపడకపోతే సుద్దముక్కని అడ్డంగా పట్టి పైపైన రుద్దండి, గుంటలున్న చోట సుద్ద అంటదు. రెండింటి నడిమధ్యల మధ్య దూరం నాకు 126 మిల్లీమీటర్లు వచ్చింది. సైకిల్‌తో వచ్చిన సీటు వెనకభాగం మొత్తం వెడల్పే 130. అంటే నా ఎముకలు ఇన్నాళ్లూ కిందికి వాలిపోయే అంచుల మీద వేలాడుతున్నాయి. గట్టిదని తిట్టుకున్నాను గానీ, అది నా కొలతకు సరిపోని సీటు. ఎముకల మధ్య దూరం కంటే సీటు కనీసం రెండు సెంటీమీటర్లు వెడల్పుండాలన్నది రైడర్లు వాడే లెక్క. ఒంటి బరువుకీ ఈ కొలతకీ సంబంధం లేదు. బక్కపల్చటి మనిషికి ఎక్కువ రావచ్చు, భారీ మనిషికి తక్కువ రావచ్చు.

ఆ లెక్కతో మూడో సీటు తెచ్చుకున్నాను, మధ్యలో గాడి ఉన్న రోడ్ శాడిల్. తిమ్మిరి చాలావరకు పోయింది. కానీ కుడివైపు మాత్రం ఒరిపిడి ఆగలేదు. దాన్ని కనిపెట్టింది నేను కాదు, నా వెనక తొక్కుతున్న తమ్ముడి వరస కుర్రాడు. "అన్నా, నీ నడుము అటూ ఇటూ ఊగుతోంది, సీటు ఎత్తు ఎక్కువైనట్టుంది" అన్నాడు. రోడ్డు పక్కన ఆపి చూసుకున్నాం. పెడల్ పూర్తిగా కిందికి పెట్టి దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. నా మడమ అందనే లేదు. సీటు 12 మిల్లీమీటర్లు దించాను. నెలల తరబడి పడ్డ బాధ ఆ వారంలో పోయింది.

అప్పటి నుంచి కొత్త సీటు గురించి ఎవరు అడిగినా ముందు ఎత్తు, తర్వాత వాలు చూసుకోమంటాను. వాలు చూడటానికి సీటు మీద అట్ట ఉన్న పుస్తకం పెట్టి, దాని మీద ఫోన్‌లో లెవల్ ఆప్ తెరిచి పెడితే చాలు. సీటు ముక్కు, అంటే ముందు కొస, పైకి లేస్తే ఒంటి ముందుభాగాన్ని ఒత్తుతుంది. మరీ కిందికి వంచితే మనిషి ముందుకు జారుతుంటాడు, ఆ జారుడు ఆపడానికి చేతుల మీద బరువు పడి అరచేతులు మొద్దుబారతాయి. ఒకసారికి ఒక్కటే మార్చండి, అదీ కొంచెమే, ఆ తర్వాత ఒక పూర్తి రైడ్ తొక్కి చూడండి. పాత కొలత గుర్తుండటానికి సీట్ పోస్ట్ (సీటును మోసే గొట్టం) మీద ఎలక్ట్రికల్ టేపు చుట్టి పెట్టుకుంటాను.

మూడో సీటు వంద కిలోమీటర్ల దాకా బాగుండేది. 150 దాటాక దాని ఫోమ్ అణిగిపోయి, చెమటకు తడిసి, కింద పెంకు తెలిసేది. అప్పుడు తోలు వైపు చూశాను.

తోలు సీటు మన ఇళ్లకు కొత్త కాదు. మా నాన్న పాత సైకిల్‌కి స్ప్రింగుల తోలు సీటుండేది, వాన పడితే దానికి ప్లాస్టిక్ కవర్ చుట్టేవాడు. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌లో 1866లో మొదలైన బ్రూక్స్ కంపెనీ కూడా మొదట గుర్రపు సరంజామా, తోలు సామాన్లు చేసేది. తర్వాత సైకిల్ సీట్లలోకి వచ్చింది. ఇప్పుడది ఇటలీకి చెందిన సెల్లె రాయల్ చేతిలో ఉంది. బి17 నమూనా 19వ శతాబ్దం చివరి నుంచీ ఉంది. ఇందులో స్పాంజి అస్సలు లేదు. ఇనప చట్రానికి వెనకా ముందూ రివెట్లు కొట్టి, దళసరి తోలును నులకమంచంలా లాగి కట్టారు, అంతే. వెనక వెడల్పు దాదాపు 17 సెంటీమీటర్లు, బరువు అర కిలో పైన.

పెట్టెలోంచి తీసి తడితే చెక్కను తట్టినట్టే ఉంది. మొదటి రైడ్ 40 కిలోమీటర్లు, చాలా కష్టంగా గడిచింది. వారానికి నాలుగు రోజులు చిన్న రైడ్‌లే పెట్టుకున్నాను, పెద్ద దూరాలకు పాత సీటు బిగించుకునేవాణ్ని. సుమారు 500 కిలోమీటర్ల దగ్గర తేడా తెలిసింది. తొమ్మిది వందలు అయ్యేసరికి రెండు ఎముకల చోట నిమ్మకాయ చెక్కలంత గుంటలు పడ్డాయి. ఇప్పుడు ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు అవి నున్నగా మెరుస్తూ కనిపిస్తాయి. చేత్తో తడిమితే కుడి గుంట కాస్త లోతు. నా బరువు అటు కొంచెం ఎక్కువ పడుతుందని ఆ తోలే చెప్పింది. అది దిగేకొద్దీ మనిషి కూడా నాలుగైదు మిల్లీమీటర్లు దిగుతాడు కాబట్టి సీట్ పోస్ట్ ఆ మేరకు పైకి లేపుకోవాలి. నేను రెండుసార్లు లేపాను. ముక్కు కింద తోలును బిగించే బోల్టు ఉంటుంది. కొత్తలో దాన్ని తిప్పకండి. నేను ఈ నాలుగేళ్లలో ఒక్కసారే, పావు చుట్టు తిప్పాను.

వాన సంగతి చెప్పాలి. నానిన తోలు మీద కూర్చుని తొక్కితే అది సాగి ఆకారం పోతుంది. అందుకే సీటు కింద ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ కవర్ మడిచి పెట్టుకుంటాను, నాన్నలాగే. వెనక మడ్‌గార్డ్ కూడా తప్పనిసరి, చక్రం ఎగజిమ్మే నీళ్లు తోలు అడుగునే తడుపుతాయి, అక్కడ పూత ఉండదు. ఒక జులైలో తడి సైకిల్‌ని మూసి ఉన్న బాల్కనీలో వదిలేసి ఊరెళ్లాను. వచ్చేసరికి తెల్లటి బూజు పట్టింది. పొడిబట్టతో తుడిచి నీడలో రెండు రోజులు ఆరబెడితే పోయింది. ఎండలో మాత్రం పెట్టకూడదు, తోలు బిరుసెక్కి పగులుతుంది. మూడు నెలలకోసారి బ్రూక్స్ వాళ్ల ప్రూఫైడ్ మైనం పల్చగా, ఎక్కువగా అడుగువైపే రాస్తాను. ఆముదం, కొబ్బరినూనె పోస్తే తోలు అతిగా మెత్తబడి కుంగుతుంది. ప్రూఫైడ్‌లో జంతువుల కొవ్వు ఉంటుంది, తోలు ఆవుది. ఈ రెండూ పడని వాళ్లకు అదే కంపెనీ సహజ రబ్బరు, బట్టతో చేసే కేంబియం సీట్లున్నాయి.

నా హ్యాండిల్ సీటుతో దాదాపు సమానమైన ఎత్తులో ఉంటుంది. బి17 ఆ భంగిమకు తగిన సీటు. హ్యాండిల్ బాగా కిందికి పెట్టి, నడుము వంచి వేగంగా తొక్కేవాళ్లకు ఇంత వెడల్పు అడ్డమే. తోలు శాడిళ్ల కింది కమ్మీలు పొట్టిగా ఉంటాయి కాబట్టి వెనక్కి జరపడానికి చోటు తక్కువ. నాకు వెనక్కి వంపున్న సీట్ పోస్ట్ కొనాల్సి వచ్చింది. అదీ కలుపుకుంటే ఖర్చు పది వేలు బాగా దాటింది. వారానికోసారి 20 కిలోమీటర్లు తొక్కేవాళ్లకు ఇంత అవసరం లేదు, కొలతకు సరిపోయే మామూలు సీటు చాలు.

ఎంత మంచి సీటైనా ప్యాడ్ షార్ట్స్ (లోపల మెత్త కుట్టిన సైకిల్ నిక్కరు) లేకుండా దూరం వెళ్లను. దాని లోపల డ్రాయర్ వేసుకోకూడదు, కుట్లు గుచ్చుకుని చర్మం చెడుతుంది. ఇంటికి రాగానే అవి తీసేసి స్నానం చేస్తాను, టీ తాగేది ఆ తర్వాతే. రోడ్డు మీద పావుగంటకోసారి పెడల్స్ మీద లేచి నిలబడి పది తొక్కుళ్లు తొక్కుతాను. మాట్లాడుకుంటూ వెళ్లే రోజుల్లో ఇది మర్చిపోతే సాయంత్రానికి తేడా తెలుస్తుంది.

పోయిన నెల మా ఆవిడకీ అట్టముక్క మీద కొలిచాం. 141 వచ్చింది. ఆడవాళ్ల కోసం పొట్టి ముక్కుతో చేసే బి17 ఎస్ తెప్పించాం. ఇప్పటికి 260 కిలోమీటర్లు తొక్కింది, ఇంకా గట్టిగానే ఉందంటోంది. తిమ్మిరి లేదంటోంది, నాకు అదే ముఖ్యం. ఈ ఆదివారం తెల్లవారుజామున భువనగిరి దాకా వెళ్తున్నాం. తన సీట్ పోస్ట్‌కి కూడా టేపు చుట్టి పెట్టాను.