నేల కింద గదికి డబ్బు కట్టి రేకుల షెడ్డులో పడుకున్నాం

ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నుంచి ఎడారిలోని గనుల ఊరు కూబర్ పెడీ దాదాపు 850 కిలోమీటర్లు. దారిలో గ్లెండాంబోలో ట్యాంకు ఫుల్ చేయించండి, తర్వాత 250 కిలోమీటర్ల దాకా బంకు లేదు.

1915లో బంగారం వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకి ఇక్కడ ఒపల్ అనే రంగులు మెరిసే రత్నాల రాళ్ళు దొరికాయి. ఎండ తట్టుకోలేక చాలామంది కొండలు తొలిచి లోపలే ఇళ్ళు కట్టుకున్నారు. బయట 45 డిగ్రీలున్నా లోపల ఏసీ అక్కర్లేదు.

నరసరావుపేట నుంచి వచ్చిన అమ్మని "నేలమాళిగలో పడుకుందువుగాని" అని ఊరించి తీసుకెళ్ళాను. 'అండర్‌గ్రౌండ్' అని రాసుంటే 198 డాలర్లు కట్టేశా. తీరా వెళ్తే నేల కింద ఉన్నది రిసెప్షనూ, టిఫిన్ హాలూ! మా గది వెనకాల రేకుల షెడ్డు. గోడకి రాయిలా కనపడేట్టు ఎర్రరంగు పూశారు. అమ్మ గోటితో గీకింది. రంగు ఊడి ప్లైవుడ్డు బయటపడింది. "ఇంత దూరం తెచ్చి ఇందులో పడుకోబెట్టావేంట్రా?" అంది. రిసెప్షన్‌లో అడిగితే "మా మోటెల్ అండర్‌గ్రౌండే కదా" అంది అక్కడి అమ్మాయి, ఫోన్లోంచి తల ఎత్తకుండా. డబ్బు వెనక్కి రాలేదు. రాత్రంతా ఏసీ గడగడ. మా ఆవిడ పొద్దున కాఫీ దాకా నాతో మాట్లాడలేదు. బుక్ చేసేముందు ఫోన్ చేసి "ఆ గదే కొండలో ఉందా?" అని అడగండి.

మర్నాడు సెర్బియన్ చర్చికి వెళ్ళాం. మొత్తం రాతిలో తొలిచిందే. అమ్మ అక్కడా గోడ గీకి చూసి, "ఇదీ గోడంటే" అని అరగంట కదల్లేదు. గడ్డి లేని గోల్ఫ్ మైదానాన్ని కారులోంచి చూస్తే చాలు. బ్రేక్అవేస్ కొండలకి మాత్రం సాయంత్రం వెళ్ళండి, పర్మిట్ తీసుకోవాలి.

ఊళ్ళోనే తవ్విపోసిన మట్టిగుట్టల్లో ఒపల్ ముక్కలు ఏరుకోవచ్చు, ఉచితం. నూడ్లింగ్ అంటారు. గనుల దగ్గర మాత్రం ఫోటో కోసం వెనక్కి నడవకండి, మూతల్లేని గోతులుంటాయి. ఈగలకి మేం పది నిమిషాల్లో పారిపోయాం. అమ్మ మాత్రం తలకి కొంగు చుట్టుకుని, బియ్యంలో రాళ్ళేరినట్టు రెండు గంటలు ఏరింది. దొరికిన తెల్లటి ముక్కని కొట్టువాడు చూసి "పాచ్, రంగులు మెరవని ఒపల్, విలువ లేదు" అన్నాడు.

"వాడికేం తెలుసు" అని కొంగున ముడేసుకుంది.