యూనియన్ అధ్యక్షుడు: బయటి నాయకుడు మేలా, మనతో షిఫ్టు చేసేవాడు మేలా?

ఫ్యాక్టరీలో యూనియన్ పెట్టాలనుకున్న రోజే ఈ పేచీ మొదలవుతుంది. పెద్ద నాయకుణ్ణి తెచ్చి ప్రెసిడెంటుగా కూర్చోబెడితేనే మేనేజ్‌మెంట్ దిగొస్తుందని కొందరంటారు. మన కష్టం బయటివాడికేం తెలుసు, మనలో ఒకణ్ణే పెట్టుకుందామని ఇంకొందరంటారు. రెండింటిలోనూ పస ఉంది.

ముందు చట్టం సంగతి. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం (2025 నవంబరులో దీని స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది) మొదట్లో యూనియన్ కమిటీలో సగం దాకా బయటివాళ్ళను ఒప్పుకునేది. 2001 సవరణతో అది మూడో వంతు లేదా ఐదుగురు, ఏది తక్కువైతే అంతకు తగ్గింది. తొమ్మిది మంది కమిటీ అయితే ముగ్గురే. పాత సగం లెక్క ఇప్పుడు అసంఘటిత రంగానికే మిగిలింది. రిటైరైనవాళ్ళు, సిబ్బంది తగ్గింపులో (రిట్రెంచ్‌మెంట్) ఉద్యోగం పోయినవాళ్ళు బయటివాళ్ళ కిందికి రారు. మంచి వెసులుబాటు ఇది, ఎందుకో ఎవరూ వాడుకోరు.

బయటి నాయకుడికి ఉన్న అసలు బలం, అతని ఉద్యోగం మేనేజ్‌మెంట్ చేతిలో లేకపోవడం. లోపలివాడు అధ్యక్షుడైతే చర్చలున్న రోజే అతనికి బి షిఫ్టు పడుతుంది. ఇరవై నిమిషాలు మెషిన్ దగ్గర లేడని ఛార్జిషీటు, ఆపైన సస్పెన్షన్, ఎంక్వైరీ. ఇంట్లో టెన్షన్ సరేసరి. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో (దీని స్థానంలోనూ ఇప్పుడు ఆ కోడే) రక్షిత కార్మికుడి హోదా, అంటే అధికారుల అనుమతి లేకుండా తీసేయడానికి వీల్లేని హోదా, ఉన్నమాట నిజమే. మొత్తం కార్మికుల్లో ఒక శాతానికి, కనీసం ఐదుగురికి, మించితే వంద మందికి ఇచ్చేది. అయితే వివాదం అధికారుల ముందు నడుస్తున్నంతకాలమే అది అక్కరకొస్తుంది. మారుతి మానేసర్ ప్లాంటులో 2011లో కార్మికులే సొంతంగా యూనియన్ కట్టారు. ఏడాది తిరక్కుండానే, నాయకులతో సహా సస్పెన్షన్‌లో ఉన్న 30 మంది కంపెనీతో సెటిల్‌మెంట్ చేసుకుని వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు 2012లో మళ్ళీ కొత్త యూనియన్ రిజిస్టర్ చేయించుకోవాల్సి వచ్చింది. వెళ్ళినవాళ్ళను తిట్టడం తేలికే గానీ, జీతం ఆగిన ఇంట్లో నెలల తరబడి నిలబడటం ఎంతమంది వల్ల అవుతుంది?

బయటి నాయకుడి అనుభవం ఇంకో లాభం. లేబర్ ఆఫీసర్ సమక్షంలో రాజీ చర్చల్లో కుదిరిన ఒప్పందం (1947 చట్టం సెక్షన్‌ను బట్టి 12(3) అనేవారు) ఆ ఫ్యాక్టరీలో అందరికీ వర్తిస్తుంది. అధికారి లేకుండా బయట కూర్చుని రాసుకున్నది (పాత 18(1)) సంతకం పెట్టిన పక్షాలకే. కొత్త కమిటీలు తెలియక రెండోదానికి సరే అనేస్తాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించిన వి.వి.గిరి లా చదివినవారే, రైలు నడిపినవారు కాదు.

మరి బయటివాళ్ళతో చిక్కెక్కడ? బొంబాయి మిల్లు కార్మికులు తామే వెళ్ళి బయటి కార్మిక నాయకుడు డాక్టర్ దత్తా సామంత్‌ను పిలుచుకున్నారు. 1982 జనవరి 18న రెండున్నర లక్షల మంది దాకా సమ్మెలోకి దిగారు. చట్టప్రకారం గుర్తింపు, అంటే యాజమాన్యంతో చర్చించే హక్కు, వేరే సంఘానికి ఉండటం పెద్ద అడ్డంకి, నిజమే. కానీ ఆ సమ్మెను విరమిస్తున్నామని లాంఛనంగా ప్రకటించింది లేదు, వేలాది మంది మళ్ళీ మిల్లు గేటు దాటింది లేదు. ఎక్కడ ఆగాలో తేల్చేవాడికీ ఆ నెల జీతం పోతుంటే లెక్క ఇంకోలా ఉండేదేమో.

మన సింగరేణిది వేరే పాఠం. అక్కడ 1998 నుంచి గుర్తింపు సంఘాన్ని రహస్య బ్యాలట్‌తో ఎన్నుకుంటున్నారు. 2012, 2017ల్లో గెలిచిన తెలంగాణ బొగ్గు గని కార్మిక సంఘానికి (టీబీజీకేఎస్) అప్పట్లో గౌరవాధ్యక్షురాలు టీఆర్ఎస్ (తర్వాత బీఆర్ఎస్) పార్టీ నేత కవిత. 2023 డిసెంబరు మొదట్లో ఆ పార్టీ అధికారం పోయింది. అదే నెల 27న జరిగిన ఎన్నికల్లో సంఘం సోదిలో లేకుండా పోయింది, ఏఐటీయూసీ గెలిచింది. నాయకత్వం పార్టీ నుంచి వస్తే పార్టీతోపాటే పోతుంది.

ఇక డబ్బు. చందా రసీదు పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్కు, ఏటా రిజిస్ట్రార్‌కు పంపాల్సిన లెక్కలు. ఈ విషయంలో నాకు అనుమానమే లేదు, కోశాధికారి లోపలివాడే కావాలి. క్యాంటీన్‌లో టీ తాగుతుంటే "అన్నా, నా మార్చి చందాకి రసీదేదీ?" అని అడిగే వీలుండాలి. నాలుగు ఫ్యాక్టరీల యూనియన్లు చూసే నాయకుణ్ణి అలా ఎవరు అడుగుతారు?

అందుకే నా ఓటు ఇలా: యూనియన్ పుట్టిన మొదటి ఒకటి రెండేళ్ళు, ముఖ్యంగా గుర్తింపు రాకముందు, బయటి అధ్యక్షుడే మేలు. దెబ్బలు కాచుకోవడానికి ఒకరుండాలి. తొలి వేతన ఒప్పందం అయ్యాక అతన్ని గౌరవాధ్యక్షుణ్ణి చేసి, అధ్యక్ష పదవి లోపలివాళ్ళు తీసుకోవాలి. ఉద్యమం చూసిన రిటైర్డ్ కార్మికుడు ఊళ్ళోనే ఉంటే ఇద్దరికంటే ఆయనే నయం. మెషిన్ తెలుసు, ఛార్జిషీటు భయం లేదు. ఆరోగ్యం, ఓపిక ఉండాలంతే.

ఏళ్ళ తరబడి బయటి నాయకుడే ఉన్నచోట ఇప్పటికిప్పుడు దించేయమనడం లేదు. వచ్చే జనరల్ బాడీలో ఒక్క తీర్మానం చేయించండి: వేతన ఒప్పందం ముసాయిదా తెలుగులో నోటీసు బోర్డు మీద వారం రోజులుండాలి, గేట్ మీటింగ్‌లో చేతులెత్తి ఒప్పుకున్నాకే ఎవరైనా సంతకం పెట్టాలి.