రోస్టర్ యాప్ కొంటున్నారా? నెల జీతగాళ్ల ఖర్చు సున్నా చూపిస్తోంది, జాగ్రత్త

రెస్టారెంట్లకు షిఫ్టుల యాప్ అమ్ముతూ తిరుగుతున్నారు కదా, ఏడాది డబ్బు ముందే కట్టించుకునేవాళ్లు. ఇది చదివేదాకా రూపాయి కట్టకండి.

డెమోలో సూటిగా అడిగాం: "నెల జీతం వాళ్ల ఖర్చు కూడా వారం బడ్జెట్‌లో కలుస్తుందా?" "కలుస్తుంది సార్, అంతా ఆటోమేటిక్" అన్నాడు అమ్మడానికి వచ్చిన మనిషి. డబ్బు కట్టి రోస్టర్ వేస్తే బడ్జెట్ మొత్తం పచ్చగా, అంటే పరిమితిలోపే ఉన్నట్టు ఉంది. లోపల చూస్తే మేనేజరు, క్యాషియరు, వంట మాస్టర్లు, కెప్టెన్లు, అందరి ఎదురుగా 0. లెక్కలోకి వచ్చింది ఫంక్షన్లకు పిలిచిన రోజుకూలీ కుర్రాళ్లది మాత్రమే. ఫోన్ చేస్తే అదే మనిషి, "అది పై ప్లాన్‌లో సార్, ఏ ప్లాన్ అని మీరు అడగలేదు కదా" అన్నాడు. డబ్బు వెనక్కి రాదట. అడిగినదానికి అబద్ధం చెప్పి, తప్పు అడిగినవాళ్లదే అనడం పచ్చి మోసం.

ఇలాంటి చాలా యాప్‌ల లెక్కంతా గంట రేటు, దాన్ని గంటలతో గుణించడం. మన హోటళ్లలో ఎక్కువమంది నెల జీతగాళ్లు. గంట రేటు గడి ఖాళీగా ఉంటే ఖర్చు సున్నా.

"జీతాన్ని గంట రేటుగా మార్చి వేసుకోండి" అని సపోర్ట్ వాళ్లు చెబుతారు. అలా చేయకండి. మనిషి సెలవు పెడితే ఆ రోజు ఖర్చు మాయమవుతుంది, జీతం మాత్రం ఇవ్వాల్సిందే. మేనేజరు అదనంగా ఒక షిఫ్టు నిలబడితే లేని ఖర్చు పెరుగుతుంది.

అసలు లెక్క ఇదీ. బేసిక్, డీఏ కలిపి 15,000 జీతం అనుకోండి. పీఎఫ్ యజమాని వాటా 12 శాతం, ఈడీఎల్ఐ (పీఎఫ్‌తో పాటు ఉండే బీమా), అడ్మిన్ చార్జీలు చెరో అర శాతం: 1,950. ఈఎస్ఐ యజమాని వాటా 3.25 శాతం: 488. గ్రాట్యుటీకి 4.81 శాతం పక్కన పెడితే 721. మొత్తం 18,159, బోనస్ కాకుండానే. వారానికి కావాలంటే 12తో గుణించి 52తో భాగించండి, సుమారు 4,190 వస్తుంది. 4తో భాగిస్తే ఏడాదికి 48 వారాలే అయి, వారం ఖర్చు ఎక్కువ కనిపిస్తుంది. ఇలాంటివాళ్లు పదిమంది ఉంటే వారానికి దాదాపు 41,900 బడ్జెట్‌కు బయటే ఉండిపోతుంది.

ఇంకో తిరకాసు వీక్లీ ఆఫ్. నెల జీతం లెక్కలోకి తీసుకునే యాప్ కూడా నెల ఖర్చును 30తో భాగించి, 26 షిఫ్టులకే గుణిస్తే మనిషికి నెలకు 2,400 పైన ఎగిరిపోతుంది. 30తో భాగిస్తే ఆఫ్ రోజుకూ ఖర్చు పడాలి, లేదంటే 26తో భాగించాలి. రెండూ కలిపితే లెక్క చెడుతుంది.

కొనేముందు డెమోలో, మీరు కొనబోయే ప్లాన్‌లోనే, ఒక జీతగాడిని ఎక్కించండి. ఒక వారం ఆరు షిఫ్టులు, మరో వారం రెండు రోజుల సెలవు (జీతంతో) ఇచ్చి చూడండి. రెండు వారాల ఖర్చూ ఒకటే రావాలి. అతన్ని రెండు బ్రాంచీలకు పంచితే మొత్తం రెట్టింపు కాకూడదు. ఓటీ (ఓవర్‌టైమ్) వర్తించేవాళ్లకు రెట్టింపు రేటు విడిగా పడాలి. షిఫ్ట్ ఇన్‌చార్జ్ లాగిన్‌తోనూ తెరవండి: ఎవరి జీతం ఎంతో అతనికి కనిపించకూడదు, మొత్తం మాత్రం కనిపించాలి. కొన్నింటిలో జీతం దాచగానే మొత్తంలోంచీ పోతుంది.

"జీతగాళ్ల ఖర్చు ఈ ప్లాన్‌లో కలిసే ఉంది" అని మెయిల్‌లో రాయించుకోండి. మొదట నెలవారీగానే కట్టండి.