క్రూషియల్, కోర్సైర్ ర్యామ్‌లు: ఆల్బమ్ డిజైన్ పనిలో నాలుగేళ్ల వాడకం తర్వాత

నేను ఖమ్మంలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. కరిజ్మా ఆల్బమ్‌లో మేము ఎక్కువగా చేసే షీటు 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు ఉంటుంది. దాన్ని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) తెరిస్తే 10,800 అడ్డం, 3,600 నిలువు, అంటే దాదాపు 3.9 కోట్ల పిక్సెళ్లు అవుతాయి. ఒక్క లేయరు (ఒకదాని మీద ఒకటి పరిచే పొర) కూడా వేయకముందే ఫొటోషాప్ ఇమేజ్ సైజు పెట్టెలో 111 ఎంబీ అని చూపిస్తుంది. షీటు నిండా పరుచుకునే లేయర్లు ఇరవై చేరితే ఆ ఒక్క ఫైలే రెండు జీబీలు దాటిపోతుంది. అలాంటి షీట్లు నాలుగైదు ఒకేసారి తెరిచి పని చేయాల్సి వచ్చే మాకు ర్యామ్ (తెరిచిన ఫైళ్లను కంప్యూటర్ పట్టి ఉంచే మెమరీ) ఎంపిక సరదా వ్యవహారం కాదు, కస్టమరుకు మాటిచ్చిన తేదీకి ఆల్బమ్ అందుతుందా లేదా అన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది.

2020 చివర్లో రైజెన్ 5 3600 ప్రాసెసర్, బి450 మదర్‌బోర్డుతో సిస్టం అసెంబుల్ చేయించుకున్నప్పుడు డబ్బు సరిపోక 8 జీబీ ర్యామ్ ఒక్కటే వేయించాను. కొన్ని నెలలకే అది చాలదని తేలింది. ఇంకో 8 జీబీ కోసం తెలిసిన దుకాణానికి వెళితే, పాతదాని కంపెనీ, మోడలు అడగకుండానే వేరే బ్రాండుది చేతిలో పెట్టి, స్పీడు ఒకటే కాబట్టి ఏ కంపెనీదైనా పని చేస్తుందని చెప్పారు. వేసిన మొదటి రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు నుంచి పెద్ద ఫైలు సేవ్ చేసేటప్పుడు నీలం తెర వచ్చి, ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అన్న అక్షరాలు కనిపించి, సిస్టం దానంతట అదే రీస్టార్ట్ అయ్యేది. అప్పుడు మాఘమాసం ముహూర్తాలు నడుస్తున్నాయి. ఒక రాత్రి అలా ఆగిపోయినప్పుడు తలంబ్రాల షీటు ఫైలు పాడైపోయి మళ్లీ తెరుచుకోలేదు, దాన్ని మొదటి నుంచి చేయాల్సి వచ్చింది.

పెన్‌డ్రైవ్‌లో ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాం వేసి రాత్రంతా నడిపించాను. రెండు ర్యామ్‌లూ కలిపి ఉంచితే తప్పులు వచ్చాయి. ఒక్కొక్కటి విడిగా పెట్టి పరీక్షిస్తే రెండూ శుభ్రంగా గట్టెక్కాయి. అంటే విడివిడిగా చూస్తే ఏదీ చెడ్డ ర్యామ్ కాదు. లోపలి చిప్పులు, టైమింగులు (అడిగిన డేటా ఇవ్వడానికి పట్టే వ్యవధులు) వేరైన రెండు ర్యామ్‌లను ఒకే బోర్డు ఒకే లెక్కలో నడపాల్సి రావడం దగ్గరే చిక్కు వచ్చింది. దుకాణదారు మాత్రం విడిగా పెట్టి చూపించి, బాగానే ఉందని, మార్చడం కుదరదని చెప్పి పంపేశారు. నెల రోజుల పని నష్టం అయ్యాక నాకు అర్థమైంది ఒక్కటే: బ్రాండు పేరు చూసే ముందు, రెండు ర్యామ్‌లూ ఒకే ప్యాకెట్లో కిట్‌గా వచ్చినవా కాదా అన్నది చూడాలి.

ఆ తర్వాత సికింద్రాబాద్ వెళ్లి, పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీలో పూటంతా తిరిగి రెండు 16 జీబీల క్రూషియల్ కిట్ (డీడీఆర్4 రకం, 3200 స్పీడు) తీసుకున్నాను. క్రూషియల్‌నే ఎందుకంటే, ప్రపంచంలో ర్యామ్ చిప్పులు పెద్దఎత్తున తయారు చేసేది ప్రధానంగా శామ్‌సంగ్, ఎస్‌కె హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలే. కోర్సైర్, కింగ్‌స్టన్, జీ.స్కిల్, ఏడేటా లాంటివి ఎవరో ఒకరి దగ్గర చిప్పులు కొని, వాటిని సర్క్యూట్ బోర్డు మీద అమర్చి, పరీక్షించి తమ పేరుతో అమ్ముతాయి. క్రూషియల్ మాత్రం మైక్రాన్ సొంత బ్రాండు. కొనుక్కొచ్చిన చిప్పుతో చేసింది తక్కువదని నేను అనను, కానీ అక్కడ ఒకే మోడల్ నంబరు మీద ఈ ఏడాది ఒకరి చిప్పు, వచ్చే ఏడాది ఇంకొకరి చిప్పు రావచ్చు. కోర్సైర్ వెంజెన్స్ ఎల్‌పీఎక్స్ లేబుల్ మీద ‘వెర్షన్’ అని చిన్న అక్షరాల్లో ఉండే సంఖ్య 3తో మొదలైతే మైక్రాన్, 4తో అయితే శామ్‌సంగ్, 5తో అయితే హైనిక్స్ చిప్పు అని గుర్తు. తర్వాతెప్పుడో ఇంకో జత కలపాలనుకునేవారు ఆ సంఖ్యను ముందే ఫొటో తీసి పెట్టుకోవడం మంచిది.

క్రూషియల్‌తో నాలుగేళ్లకు పైగా గడిచింది. దాని మీద మెరిసే లైట్లు లేవు, వేడి లాగే హీట్‌సింక్ రేకు కూడా లేదు, ఆకుపచ్చ బోర్డు మీద నల్లటి చిప్పులు కనిపిస్తాయంతే. అది 1.2 వోల్టుల దగ్గరే, బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగులుండే చోటు) ఏమీ ముట్టుకోకుండానే 3200 స్పీడు అందుకుంటుంది. మా ఊరి మే నెల ఎండల్లో, ఏసీ లేని గదిలో, రోజుకు పన్నెండు గంటలు నడిచినా ఒక్కసారి కూడా నీలం తెర రాలేదు. ఒక వేసవిలో మాత్రం స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరుగుతూ తెర నల్లగా ఉండిపోయింది. ర్యామ్‌లు తీసి, వాటి బంగారు రంగు పిన్నులను పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది, స్లాట్‌లో దుమ్ము ఊది, రెండు చివర్లా క్లిప్పు ‘టక్’ మనేదాకా నొక్కి పెట్టగానే మామూలైంది. ఆ తప్పు ర్యామ్‌ది కాదు, దుమ్ముది.

2023లో మా దగ్గర పని చేసే తమ్ముడి కోసం రెండో సిస్టం తీసుకున్నప్పుడు కోర్సైర్ వెంజెన్స్ ఎల్‌పీఎక్స్ 3200, సీఎల్16 (సీఎల్ అంటే డేటా అందే ముందు జరిగే ఆలస్యం కొలత, తక్కువైతే మేలు), అంతే సామర్థ్యం ఉన్న కిట్ వేయించాను. నాణ్యతలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఎత్తు తక్కువ కాబట్టి పెద్ద కూలరు కింద కూడా ఇబ్బంది లేకుండా పట్టింది. అయితే ఇది పెట్టగానే 3200 దగ్గర నడవదు. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ (ర్యామ్‌లో కంపెనీ ముందే రాసి పెట్టిన ఎక్కువ స్పీడు సెట్టింగు) ఆన్ చేస్తేనే 1.35 వోల్టుల దగ్గర ఆ స్పీడు వస్తుంది. అసెంబుల్ చేసినవారు ఆ పని మరిచిపోయారు. ఆరు నెలల తర్వాత టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ చూస్తే 2133 అని ఉంది. ఎక్స్‌ఎంపీ ర్యామ్ కొన్నవారు ఆ పేజీని ఒకసారి తెరిచి చూసుకోవాలని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే డబ్బు పెట్టిన స్పీడు అందకపోయినా సిస్టం ఏ హెచ్చరికా ఇవ్వదు.

కాగితం మీద రెండింటి తేడా స్పష్టంగానే ఉంటుంది. 3200 దగ్గర క్రూషియల్ సీఎల్22 అంటే 13.75 నానోసెకన్ల ఆలస్యం, కోర్సైర్ సీఎల్16 అంటే 10 నానోసెకన్లు. ఒక ఆదివారం రెండు కిట్లనూ నా సిస్టంలోనే మార్చి మార్చి పెట్టి, అదే ఆల్బమ్ ఫైళ్లు తెరిచి, షీట్లన్నీ జేపెగ్‌లుగా ఎగుమతి చేసి చూశాను. నా పనిలో కంటికి ఆనే తేడా కనిపించలేదు. 8 జీబీ నుంచి 32 జీబీకి మారినప్పుడు వచ్చిన మార్పు మాత్రం పగలూ రాత్రీ తేడా లాంటిది, అంతకుముందు మెమరీ నిండి హార్డ్ డిస్క్ గరగరలాడుతూ నిలిచిపోయిన పని ఆ రోజు నుంచి ఆగలేదు. గేములు ఆడేవారి సంగతి వేరు. రైజెన్ ప్రాసెసర్లు ర్యామ్ టైమింగులకు బాగా స్పందిస్తాయి కాబట్టి వారు సీఎల్16కు అదనంగా పెట్టే డబ్బు వృథా కాదు.

స్లాట్లు నాలుగు ఉన్నాయి కదా అని నాలుగూ నింపుదామనుకున్నాను గానీ, రైజెన్ 3000 ప్రాసెసర్లకు ఏఎండీ ఇచ్చిన పట్టికలో రెండు ర్యామ్‌లకు 3200 అని ఉన్నచోట, నాలుగు డ్యూయల్ ర్యాంక్ (చిప్పులు రెండు గుంపులుగా పని చేసే) ర్యామ్‌లకు 2667 అనే ఉంది. అది చూసి మానుకున్నాను. రెండింటినీ ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో పెడితే చాలు.

మైక్రాన్ 2025 డిసెంబరులో క్రూషియల్ వ్యాపారాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఏఐ డేటా సెంటర్లకు చిప్పులు అందించడం మీద దృష్టి పెట్టడమే అందుకు కారణం. ఇంతకాలం మమ్మల్ని నిశ్చింతగా పని చేసుకోనిచ్చిన సరుకు కనుక ఆ వార్త నాకు నిజంగా బాధ కలిగించింది. అమ్మిన ర్యామ్‌లకు వారంటీ సేవలు కొనసాగిస్తామని కంపెనీ చెప్పింది కాబట్టి బిల్లును, దాని మీద ర్యామ్ సీరియల్ నంబరును ఫొటో తీసి మెయిల్‌లో దాచుకున్నాను. మూడో సిస్టం అవసరం ఈ ఏడాదే పడేలా ఉంది. ధరలు బాగా పెరిగాయి గనుక దానికి వెంజెన్స్ ఎల్‌పీఎక్స్ కిట్ ఒక్కటే, రెండు 16 జీబీలది, తీసుకుంటాను. ఒకవేళ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే, డబ్బు ఇచ్చే ముందు వారి ఎదుటే మెమ్‌టెస్ట్86 కనీసం ఒక పాస్ పూర్తయ్యేదాకా కూర్చుంటాను.