మాల్ట్ మషీన్ రివ్యూ: రసం దిగట్లేదంటే పంపు కంటే ముందు గిర్నీ, ఊక సంగతి చూడండి

హనుమకొండలో బార్లీ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), జొన్న కలిపి మాల్ట్ పాకం చేసి అమ్మే చిన్న పని మాది. దానికి వాడుతున్న 35 లీటర్ల కరెంటు మషీన్ గురించి ఈ రివ్యూ. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఈ రకం మషీన్లన్నీ దాదాపు ఒకటే తీరు. బయటి దేశాల్లో ఇంట్లో బీరు కాచుకునేవాళ్లు వాడే గ్రెయిన్‌ఫాదర్, బ్రూజిల్లా కూడా ఇదే నమూనా. అడుగున హీటరు, పంపు, లోపల అడుగంతా రంధ్రాలున్న స్టీలు బుట్ట, దాని మధ్యలో, పైన మరీ నిండితే నేరుగా కిందికి పోవడానికి ఓవర్‌ఫ్లో పైపు. బుట్టలో మాల్ట్ రవ్వ వేడి నీళ్లలో నానితే తియ్యటి రసం వస్తుంది. పంపు ఆ రసాన్ని అడుగు నుంచి లాగి పైన పోస్తుంది, అది గింజల గుండా మళ్లీ కిందికి దిగుతుంది, గంటసేపు ఇదే తిరుగుడు. ఒక మాట ముందే చెప్తున్నా, ఈ రసంలో ఈస్ట్ వేసి పులియబెడితే అది బీరే, లైసెన్స్ లేకుండా ఇంట్లో చేస్తే మన దగ్గర ఎక్సైజ్ కేసు. నేను చెప్పేదంతా తియ్యటి రసం తీసేవరకే.

మషీన్ మంచిదే. వేడి బాగా పట్టి ఉంచుతుంది, స్టీలు గట్టిది. కానీ కొన్నవాళ్లలో ఎక్కువమంది గోల ఒక్కటే, రసం దిగట్లేదని. పైన రసం చెరువులా నిలబడిపోతుంది, అడుగు ఖాళీ అయిపోతుంది, హీటరు మీద రసం లేక మాడు వాసన మొదలవుతుంది, ఇక టెన్షన్. వెంటనే పంపు చెడిపోయిందనో జల్లెడ బాగాలేదనో సెల్లర్‌కు ఫోన్ కొడతారు. మాకు అమ్మినవాళ్లు కూడా రెండో పంపు అంటగట్టాలని చూశారు తప్ప అసలు కారణం ఒక్క ముక్క చెప్పలేదు, మషీన్‌తో ఇచ్చిన పుస్తకంలోనూ దాని గురించి ఏమీ లేదు. అందుకే ఇంత రాస్తున్నా.

అసలు జల్లెడ పని చేసేది బుట్ట అడుగున్న రంధ్రాల స్టీలు పళ్లెం కాదు, బార్లీ పొట్టు. పొట్టు పెద్ద ముక్కలుగా ఉంటే వాటి సందుల్లోంచి రసం జారుతుంది. మన వీధి గిర్నీలో రాళ్లు బిగించి ఉంటాయి కాబట్టి మాల్ట్ పోస్తే పొట్టుతో సహా పిండి అయిపోతుంది, ఆ పిండి వేడి నీళ్లలో పడితే బంకే. గిర్నీ అతన్ని రాళ్లు వదులు చేసి రవ్వ పట్టమని అడగండి, గింజ మూడు నాలుగు ముక్కలైతే చాలు. దానికి ముందు కిలో మాల్ట్‌కు 20 మి.లీ. లెక్కన నీళ్లు చిలకరించి, చేత్తో బాగా కలిపి పది పదిహేను నిమిషాలు వదిలేస్తే పొట్టు కాస్త మెత్తబడి సాగుతుంది, నలిగినా చిరగదు. పట్టిన రవ్వ గుప్పెడు తీసి తెల్ల కాగితం మీద పరిచి చూడండి, లోపల గింజ పోయిన ఖాళీ పొట్టు గుల్లలు కంటికి కనబడాలి. కనబడకపోతే ఆ రవ్వతో మొదలుపెట్టొద్దు. రోలర్ మిల్లు కొనగలిగితే ఇంకా మంచిది, రోలర్ల మధ్య సందు 1.2 మి.మీ. దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది.

ఇంకో సంగతి, మాల్ట్ ఖరీదని కొందరు కిరాణా కొట్లో దొరికే బార్లీ గింజలు కలుపుతున్నారు. అవి పాలిష్ పట్టినవి, పొట్టే ఉండదు, పైగా మొలకెత్తించనివి కాబట్టి జిగురు ఎక్కువ. జొన్నకూ పొట్టు లేదు, పైగా అది ఉడకాలంటే పిండిని తీపిగా మార్చే బార్లీ మాల్ట్ ఎంజైములు ఇష్టపడే 65 డిగ్రీల కంటే ఎక్కువ వేడి కావాలి, అందుకే జొన్న రవ్వను విడిగా అంబలిలా కాచి కలుపుతాం. అంబలి పడ్డాక బుట్ట ఎంత చిక్కబడుతుందో చెప్పక్కర్లేదు.

ఇక్కడే ఊక కావాలి. వడ్ల ఊకకు రుచి లేదు, రంగు దిగదు, పిండి పట్టదు, గింజల మధ్య సందు మాత్రం చేస్తుంది. అమెరికాలో దీన్నే ప్యాకెట్లలో కట్టి అమ్ముతారు, మనకు వరంగల్ నుంచి కరీంనగర్, పెద్దపల్లి దాకా ఏ రైస్ మిల్లు వెనక చూసినా గుట్టలే. అయితే పాతకాలం హల్లర్ మిల్లు ఊక తేవద్దు, అందులో ఊక నలిగి తవుడుతో కలిసిపోయి ఉంటుంది, అది రసాన్ని ఇంకా ఆపేస్తుంది. రబ్బరు రోలర్లున్న మిల్లులో వచ్చే ఊక పడవల్లా విడివిడిగా ఉంటుంది, అదే కావాలి. నీళ్లలో నానబెట్టి దుమ్ము పోయేదాకా కడిగి, ఒక పొంగు రానిచ్చి వంచేయండి. 6 కిలోల బార్లీ మాల్ట్, కిలోన్నర జొన్న రవ్వకు మేం 400 గ్రాముల ఊక వేస్తాం, అంబలికి పోయినవి కూడా కలిపి నీళ్లు 24 లీటర్లు.

పంపు విషయానికొస్తే అది బలహీనంగా లేదు, ఈ పనికి ఎక్కువ బలంగా ఉంది. దాని వాల్వ్ పూర్తిగా తెరిస్తే రసాన్ని కింది నుంచి లాగిలాగి గింజలన్నిటినీ పళ్లానికి అదిమేస్తుంది, ఆ తర్వాత ఎంత తిప్పినా చుక్క దిగదు. గింజలు పోసి కలిపాక పది నిమిషాలు పంపు వేయకుండా వదిలేసి, ఆ తర్వాత వాల్వ్ సగం కంటే తక్కువ తెరవండి. ఓవర్‌ఫ్లో పైపు దగ్గర చెవి పెట్టండి. గుడగుడ చప్పుడు ఆగకుండా వస్తుంటే రసం గింజల్లోంచి కాకుండా అడ్డదారిన కిందికి పోతున్నట్టు, వాల్వ్ ఇంకా తగ్గించాలి.

అయినా ఆగిపోతే పంపు, హీటరు రెండూ ఆపి పైన చూడండి. గింజల మీద బూడిద రంగు బురద లాంటి పొర ఉంటుంది, మెత్తటి పిండి, ప్రొటీన్ కలిసి పేరుకున్నది. అట్లకాడతో దాన్ని అడ్డంగా నిలువుగా గీస్తే చాలాసార్లు అక్కడే దారి దొరుకుతుంది. లేకపోతే బుట్టను ఒక జానెడు పైకెత్తి మెల్లగా దించండి, కింది రసం రంధ్రాల్లోంచి పైకి తన్ని గింజలు వదులవుతాయి. బుట్ట బరువు బాగా ఉంటుంది, రసం కాలుతుంది, ఇద్దరు లేకుండా ఈ పని పెట్టుకోవద్దు. చివర్లో వేడి 76 డిగ్రీలకు పెంచితే రసం పల్చబడి మిగతాది తొందరగా దిగిపోతుంది. గింజల్లో మిగిలిన తీపి దిగడానికి పైన పోసి కడిగే నీళ్లు కూడా అంతే వేడిగా ఉండాలి, మరీ మరగనిచ్చి పోస్తే పొట్టులోంచి వగరు దిగుతుంది.

మషీన్‌లో నాకు నిజంగా నచ్చనివి రెండున్నాయి. థర్మామీటరు అడుగున ఉండడం వల్ల అది 66 చూపించినా గింజల మధ్య నాలుగైదు డిగ్రీలు తక్కువ ఉండొచ్చు, రసం దిగడం నెమ్మదైతే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. విడిగా ఒక పొడుగు థర్మామీటరు కొనుక్కోక తప్పదు. రెండోది, పాకం దగ్గరపడేదాకా ఇందులోనే మరిగిద్దామంటే అడుగంటుతుంది, సగం దాటాక వెడల్పాటి గంజులోకి మార్చాల్సిందే. 2500 వాట్ల హీటరు కాబట్టి 16 ఆంప్స్ ప్లగ్గు ఉండాలి, మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టొద్దు.

పని అయిన రోజే పంపు మూత విప్పి కడగండి. లోపలి చక్రానికి ఒక్క ఊక ముక్క అడ్డం పడి ఎండిపోయినా మరుసటిసారి ధార సన్నబడుతుంది, అప్పుడు మాత్రం నిజంగా పంపుదే లోపం. పిప్పిని ఎండాకాలంలో సాయంత్రం దాకా ఉంచితే పులిసిపోతుంది, మా దగ్గరైతే గేదెలవాళ్లు మధ్యాహ్నానికే వచ్చి తీసుకెళ్తారు.