అంబాసిడర్‌కి టైమింగ్ స్పాకెట్లు మార్పించాలంటే: అయ్యప్పగుడి దగ్గరి భాయ్ షెడ్డు

నెల్లూరులో పెట్రోలు అంబాసిడర్ ఇంకా తిప్పుతున్న వాళ్ళందరి బాధ ఒకటే. బండి ఉంది, చేసే చెయ్యి దొరకదు. అందుకే ఈ షెడ్డు గురించి కాస్త వివరంగా రాస్తున్నా. అయ్యప్పగుడి సెంటరు నుంచి వేదాయపాళెం వైపు పోయే దారిలో, లోపలి సందులో ఉండే రేకుల షెడ్డు ఇది. బోర్డు లేదు. "అంబాసిడర్ భాయ్ షెడ్డు యాడ?" అనడిగితే టీ అంగడి వాళ్ళే చెయ్యి చూపిస్తారు. నా 1988 మార్క్ ఫోర్‌కి టైమింగ్ చైను (కింద క్రాంకు షాఫ్టు తిరుగుడుని, వాల్వులు తెరిచే క్యాము షాఫ్టుకి అందించే గొలుసు), దాని రెండు స్పాకెట్లు (పళ్ళ చక్రాలు), చైనుని బిగువుగా ఉంచే టెన్షనరు అక్కడే మార్పించాను. పని నూటికి తొంభై మార్కుల పని. టైముకి బండి ఇవ్వడంలో మాత్రం పాస్ మార్కులు కూడా వెయ్యలేను.

నేను మెకానిక్‌ని కాదు. ఆర్టీసీ స్టోర్స్‌లో సామాన్లు లెక్కబెట్టి రిటైరైన వాణ్ణి. సామాను చేతిలోకి తీసుకుంటే బరువు, అంచు, ముద్ర చూడటం అలవాటైపోయింది. మా ఇంట్లో వంకాయలు కూడా అట్టాగే ఏరతానని మా ఆవిడ ఫిర్యాదు.

బండి జబ్బు ఇది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ ముందు భాగంలో, ఫ్యాను వెనక, గరగరమని శబ్దం. వేడెక్కాక కాస్త సద్దుమణిగేది, ఎక్సలేటర్ వదిలిన ప్రతిసారీ మళ్ళీ లేచేది. పికప్ కూడా పడిపోయింది. రాపూరు దాటి చిట్వేలు ఘాటు ఎక్కేటప్పుడు, ఎప్పుడూ మూడో గేరులో పోయే మలుపుల్లో రెండో గేరు వేసినా మూలిగేది. ఇదివరకు ఇదే శబ్దానికి ఇంకో చోట చూపిస్తే (పేరెందుకులే) చైను ఒక్కటే మార్చి పంపారు. "పళ్ళు బాగనే ఉండాయి సార్, దండగ ఎందుకు" అన్నారు. కొన్నాళ్ళు హాయిగా ఉండి, మళ్ళీ మొదటికొచ్చింది.

ఎందుకొచ్చిందో భాయ్ దగ్గరే అర్థమైంది. చైను సాగింది అని మనం అంటాంగానీ ఇనుము రబ్బరులాగా సాగదు. ప్రతి లింకులో పిన్ను, బుష్షు రవ్వంత రవ్వంత అరిగి, లింకుకీ లింకుకీ మధ్య దూరం పెరుగుతుంది. ఆ పెరిగిన చైను పంటి అడుగున కూర్చోకుండా పైకి ఎక్కి లాగుతుంది, పన్ను ఒక పక్కకే అరుగుతుంది. ఇప్పుడు ఆ అరిగిన పళ్ళ మీద కొత్త చైను వేశారనుకోండి, కొత్త చైనుకి పాత పళ్ళతో కొలత కలవదు. బరువంతా ఒకటి రెండు పళ్ళ మీదే పడి, కొత్తది కూడా తొందరగా పాతదైపోతుంది. చైను, రెండు స్పాకెట్లు ఒక సెట్టు. విడగొట్టి మిగిల్చుకునేది ఏమీ లేదు. ఈ ఒక్క విషయంలో భాయ్ ఎవరి మాటా వినడు. చైను ఒక్కటే మార్చమంటే బండి తీసుకెళ్ళమంటాడు.

శబ్దం విని చైనే అని తేల్చెయ్యలేదు, అది నాకు నచ్చింది. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచేది) క్యాపు తీసి, లోపల తిరిగే రోటర్ మీద కన్నేసి ఉంచమని నన్ను నిలబెట్టాడు. తను కింద క్రాంకు నట్టుకి స్పానర్ పెట్టి ఒక దిక్కుకి తిప్పి, లూజంతా లాగినాక, నెమ్మదిగా వెనక్కి తిప్పాడు. "కదిలినప్పుడు చెప్పండి సార్." కింద పుల్లీ తిరుగుతోంది, పైన రోటర్ ఉలకదు పలకదు. బొటనవేలంత దూరం పుల్లీ నడిచినాకగానీ రోటర్ కదల్లేదు. డిస్ట్రిబ్యూటర్‌ని తిప్పేది క్యాము, క్యాముని తిప్పేది చైను కాబట్టి ఆ ఖాళీ అంతా దారిలో ఎక్కడో ఉన్నట్టే. "ఇందులో డిస్ట్రిబ్యూటర్ గేరు లూజు కూడా కొంచెం ఉంటది, అంతా చైనుదే అనుకోబాకండి" అని తనే చెప్పాడు. తర్వాత టైమింగ్ లైటు (ప్లగ్గు మండినప్పుడల్లా మెరిసే లైటు) పెట్టి చూపించాడు. పుల్లీ మీద గుర్తు ఒక చోట నిలబడకుండా అటూ ఇటూ ఎగురుతోంది. క్యాము వెనకబడితే వాల్వులు ఆలస్యంగా తెరుచుకుంటాయి, ఘాటులో మూలుగుడు అందుకేనట.

ఇక సామాన్ల సంగతి. అంబాసిడర్ తయారీ 2014లో ఉత్తరపారాలో ఆగిపోయింది. నెల్లూరు అంగళ్ళలో ఫిల్టర్లు, ప్యాకింగులు దొరుకుతాయిగానీ టైమింగ్ సెట్టు అడిగితే "ఆర్డర్ పెట్టాల సార్" అంటారు, ఆ ఆర్డర్ ఎప్పుడొస్తుందో రాములవారికే తెలియాలి. భాయ్ ఒక చీటీ రాసిచ్చి మద్రాసు పొమ్మన్నాడు. కొత్తవి జనరల్ ప్యాటర్స్ రోడ్డులో, విప్పిన బండ్లవి పుదుపేటలో. "పుదుపేటలో స్పాకెట్ మాత్రం కొనబాకండి, వాళ్ళ అరుగుదల మనకెందుకు" అని కూడా చెప్పాడు. పొద్దున రైలెక్కి పోయి సాయంత్రానికి తిరిగొచ్చే పనే.

అంగట్లో రెండు రకాలు ముందు పెట్టారు. చైనుతో కలిపి పద్నాలుగు వందలది ఒకటి, మూడు వేలకి కాస్త తక్కువది ఒకటి. తక్కువ రేటుది చేతిలోకి తీసుకున్నా. పోత పోసి వదిలేసిన సరుకు. పళ్ళ సందుల్లో గరుకు తగులుతోంది, కీ గాడిలో గరుకు అంచు తియ్యకుండా అట్టాగే ఉంది, రెండు వరసల పళ్ళు ఒకదానికొకటి సూటిగా లేవు. మన బండిది డబుల్ చైను కాబట్టి వరసలు కలవకపోతే బరువంతా ఒక వరస మీదే పడుతుంది. ఎక్కువ రేటుదాని పళ్ళు మిషన్ మీద కోసి నున్నగా ఉన్నాయి, బిగించేటప్పుడు ఎదురెదురుగా కలపాల్సిన టైమింగ్ చుక్కలు గోటికి తగిలేంత లోతుగా కొట్టారు, చైను మీద పేరున్న కంపెనీ ముద్ర ఉంది. చిన్న స్పాకెట్టుని పెద్దదాని పక్కన పెట్టి పళ్ళు కూడా లెక్కేశా. పెద్దదానికి సరిగ్గా రెట్టింపు ఉండాలి, ఎందుకంటే క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాము ఒక్క చుట్టు. అంగడాయన నన్ను ఒక చూపు చూశాడు, చూసుకోనీ. ఎక్కువ రేటుదే తీసుకున్నా, ఇప్పటికీ అదే చెప్తా. టెన్షనరు, ఆయిల్ సీలు, కవరు ప్యాకింగు వేరే కొనాలి, సెట్టులో రావు. అడగకపోతే వాళ్ళు గుర్తుచెయ్యరు.

విప్పే పని పెద్ద విశేషం కాదు. నీళ్ళు వదలడం, రేడియేటరు, ఫ్యాను, బెల్టు తియ్యడం, అంతా కుర్రాడు చూసుకున్నాడు. హాండిల్ తగిలించే పెద్ద నట్టు ఒక్కటే మొరాయించింది. లాక్ వాషరు మడత విప్పి, బండిని టాప్ గేరులో వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, భాయే స్వయంగా సుత్తితో స్పానర్‌ని ఒక్క దెబ్బ వేశాడు.

కవరు ఊడదీశాక చూడాల్సింది చాలా ఉంది. పాత చిన్న స్పాకెట్టుని బల్ల మీద కొత్తదాని పక్కన పెట్టాడు. కొత్తదాని పన్ను రెండు పక్కలా సమానంగా వాలి ఉంటే, పాతదాని పన్ను ఒక దిక్కుకే వంగి, కొస పదునెక్కి, చిన్న కొడవలి మొనలాగుంది. వేలు ఆనిస్తే కోసుకునేంత పదును. పెద్ద స్పాకెట్టు అంత చెడిపోలేదు. నేను అడిగితే భాయ్ అన్నాడు: "చిన్నదానికి పళ్ళు సగమే గదా సార్. చైను ఒక్క రౌండు కొట్టే లోపల పెద్దదాని పన్నుకి ఒకసారి దెబ్బ తగిలితే దీని పన్నుకి రెండుసార్లు." అంతకంటే సూటిగా ఎవరు చెప్తారు? పాత చైనుని అడ్డంగా, అంటే లింకులు వంగని పక్కకి, ఒక కొస పట్టుకుని చాపాడు. మెడ వాల్చినట్టు కిందికి వాలిపోయింది. అది ఇదివరకు ఆ షెడ్డు వాళ్ళు వేసిన "కొత్త" చైనే. కొత్తది అట్టా పట్టుకుంటే దాదాపు తిన్నగా నిలబడింది. టెన్షనరు రబ్బరు మీద చైను కోసిన రెండు గాడులు.

నేను ఈ షెడ్డుకి మార్కులు వేసేది బిగింపులో ఒక పనికి. చాలాచోట్ల కొత్త స్పాకెట్లు తోసేసి, చుక్కలు కలిపి, కవరు మూసేస్తారు. ఈయన ముందు చైను లేకుండా ఉత్త స్పాకెట్లు రెండూ షాఫ్టుల మీద ఎక్కించి, పెద్దదాని పళ్ళ పక్కకి ఉక్కు బద్ద ఆనించి, చిన్నదానికీ ఆ బద్దకీ మధ్య సందులో, ఖాళీ కొలిచే ఫీలర్ గేజి రేకులు ఒక్కోటి దూర్చి చూశాడు. సందు ఉంది. రెండు చక్రాలూ ఒకే గీత మీద లేవన్నమాట. చిన్న స్పాకెట్టు మళ్ళీ ఊడదీసి, దాని వెనక పాత షిమ్ముల (సందు పూడ్చే రేకుల) పక్కన ఇంకో పల్చటి షిమ్ము వేసి, మళ్ళీ బద్ద పెట్టి చూశాడు. కొత్త స్పాకెట్టు మందం పాతదానికి అచ్చంగా ఉండదు, పాత షిమ్ములే సరిపోతాయనుకుంటే చైను వంకరగా నడుస్తుంది. అరగంట పని, బిల్లులో కనపడదు. చేయించుకునే వాళ్ళు పక్కన నిలబడి ఇదొక్కటి చూడండి, తక్కినప్పుడు పోయి టీ తాగండి.

తర్వాత ఒకటి, నాలుగు పిస్టన్లు పైకి తెచ్చి, రెండు చుక్కలూ ఎదురెదురుగా పెట్టి, చైనుతో సహా రెండు స్పాకెట్లూ కలిపి ఒకేసారి ఎక్కించాడు. హాండిల్‌తో రెండు నిండు చుట్లు తిప్పి, చుక్కలు మళ్ళీ ఎదురుపడ్డాయో లేదో చూసినాకే కవరు ముట్టుకున్నాడు. పుల్లీ మెడ మీద పాత సీలు ఒరుసుకుని గాడి పడింది. లేతుకి పంపి స్లీవు వేయిద్దామా అంటే, అక్కర్లేదని కొత్త సీలుని కవరులో రవ్వంత లోపలికి దిగ్గొట్టాడు, సీలు పెదవి గాడి మీద కాకుండా నున్నటి చోట ఆనేట్టు. ఆయిల్ కారడం లేదు. ప్యాకింగుకి అనాబాండ్ జిగురు మాత్రం మరీ ఎక్కువ పూశాడు, కవరు చుట్టూ అంచుల్లో పొంగి కనపడుతోంది. మా స్టోర్స్‌లో అయితే ఫోర్‌మన్ తిట్టి ఉండేవాడు.

ఫలితం బాగుంది. పొద్దున స్టార్టు చేస్తే గరగర లేదు. టైమింగ్ లైటు కింద గుర్తు కదలకుండా నిలబడుతోంది. ఘాటులో మూడో గేరు మళ్ళీ పనిలోకొచ్చింది. కాకపోతే చైను గోల పోయినాక ట్యాపెట్ల చప్పుడు ఇప్పుడు బాగా వినపడుతోంది. భాయ్‌ని అడిగితే, "అది ముందునుంచీ ఉండేదే సార్, మీకు వినపడలా" అని నవ్వాడు. కొంచెం నడిపినాక రమ్మన్నాడు, ట్యాపెట్ల క్లియరెన్సు (మధ్య ఖాళీ) మళ్ళీ చూస్తాడట. దానికి డబ్బులు తీసుకోడట.

ఇక నా కంప్లయింట్లు. వారమని చెప్పిన పని వారం కాదు. మధ్యలో రొట్టెల పండగ వచ్చింది, బారాషహీద్ దర్గా దగ్గర సొంత మనుషులకి అన్నం పెట్టే పనిలో భాయ్ షెడ్డు వైపే రాలేదు. పండగని తప్పుపట్టను, స్వర్ణాల చెరువు కాడికి మేమూ పోతాం. ముందే చెప్తే బండి తర్వాత పెట్టేవాణ్ణి గదా. విప్పిన ఇంజన్ మీద గోనెసంచి కప్పి పోయారు, షెడ్డు ముందు మట్టి రోడ్డు. నేనే పోయి ప్లాస్టిక్ కవరు కట్టొచ్చా. సీటు మీద గ్రీజు చెయ్యి ముద్ర ఒకటి ఇంకా ఉంది. బిల్లు ఉండదు, నోటు పుస్తకంలో రాసి చింపిస్తాడు. లేబరు అయిదు వేలు తీసుకున్నాడు, రేడియేటరు పైపులు రెండు వేరే. చేసిన పనికి అది ఎక్కువ కాదంటాను. అయితే మొదట నాలుగు అని చెప్పి చివర్లో అయిదు అనడం నాకు నచ్చలేదు, ఆ మాట ఆయన మొహం మీదే చెప్పా.

పాత సామాన్లు అడక్కుండానే సంచిలో వేసి ఇచ్చాడు. ఇది చిన్న విషయం కాదు, ఏ షెడ్డు నిజాయితీ అయినా నేను చూసేది అందులోనే.

ఎవరు పోవచ్చంటే, 1489 సీసీ పాత మోరిస్ వంశం పెట్రోలు ఇంజను బండ్ల వాళ్ళు కళ్ళు మూసుకుని పోవచ్చు. ఇసుజు 1800 ఇంజన్ ఉన్న వాళ్ళు ఈ సామాన్లు కొనుక్కోకండి, అవి ఆ ఇంజనుకి రావు. భాయ్ కూడా ఆ ఇంజన్ ముట్టుకోనన్నాడు. మారుతి 800 వాళ్ళకి ఈ తలనొప్పే లేదు, దాంట్లో ఉండేది బెల్టు. తొందరున్న వాళ్ళు, పెళ్ళికి బండి కావాలనుకునే వాళ్ళు అసలు ఇక్కడ పెట్టొద్దు. సామాన్లు ముందే తెచ్చి పెట్టుకుని, భాయ్ చేతికి ఇంకో ఇంజన్ లేనప్పుడు పొండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి షెడ్డు మూసుంటుంది. డబ్బులు ఫోన్‌పేలో తీసుకుంటాడు.