కోడెక్స్ సైనైటికస్ వెబ్‌సైట్: కొత్త నిబంధన బోధించేవారి దృష్టితో ఒక సమీక్ష

మన బైబిళ్ళలో కొన్ని పుటల అడుగున, ఫలానా మాటలు కొన్ని ప్రాచీన ప్రతులలో లేవని చిన్న అక్షరాల్లో సూచనలు ఉంటాయి. వేదాంత కళాశాలలో కొత్త నిబంధన చదువుకునే విద్యార్థులు ఎప్పుడో ఒకప్పుడు ఆ సూచన దగ్గర ఆగి, ఆ ప్రతులు ఎక్కడున్నాయి, వాటిని చూసినవారెవరు అని అడుగుతారు. చాలాకాలం పాటు ఉపాధ్యాయుడు ఆ ప్రశ్నకు పుస్తకాల్లో చదివినదే జవాబుగా చెప్పవలసి వచ్చేది. ఇప్పుడు ఆ ప్రతులలో ముఖ్యమైనదాన్ని తరగతి గదిలోనే తెరిచి చూపించవచ్చు. 2008 జులైలో కొంత భాగంతో మొదలై, 2009 జులైలో పూర్తిస్థాయిలో అందుబాటులోకి వచ్చిన కోడెక్స్ సైనైటికస్ వెబ్‌సైట్‌ను పాఠ విమర్శ, అంటే ప్రాచీన ప్రతులను పోల్చి మూలపాఠాన్ని నిర్ణయించే విద్య, బోధించడానికి దొరికే ఉచిత సాధనాల్లో అత్యుత్తమమైనదిగా నేను భావిస్తున్నాను.

క్రీ.శ. 4వ శతాబ్దంలో చర్మపత్రాలపై గ్రీకులో రాసిన కోడెక్స్ సైనైటికస్ అనే ఈ బైబిల్ ప్రతిలో కొత్త నిబంధన మొత్తం నిలిచి ఉంది; అంత పూర్తిగా దొరికిన ప్రతుల్లో ఇదే అతి పురాతనమైనది. పాత నిబంధనలో సుమారు సగం మాత్రమే మిగిలింది. చివర మన కొత్త నిబంధనలో లేని తొలి క్రైస్తవ రచనలైన బర్నబా పత్రిక, హెర్మాస్ కాపరి గ్రంథంలో కొంత భాగం కూడా ఉన్నాయి. అసలు పత్రాలు నేడు నాలుగు చోట్ల చెదిరి ఉన్నాయి: లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో 347, జర్మనీలోని లైప్జిగ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో 43, సీనాయి కొండ దిగువన ఉన్న సెయింట్ క్యాథరీన్ మఠంలో 12 పత్రాలతో పాటు మరికొన్ని ముక్కలు, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని రష్యా జాతీయ గ్రంథాలయంలో కొన్ని ముక్కలు. లండన్ వెళ్ళి వచ్చిన పండితుడు కూడా చూడలేని సమగ్ర రూపం ఈ సైట్‌లో ఒకేచోట కనిపిస్తుంది.

పుట తెరిస్తే ఒక పక్క ఫొటో, మరో పక్క దానిలోని గ్రీకు పాఠం ఉంటాయి. పాఠంలో ఒక మాటపై నొక్కితే ఫొటోలో ఆ మాట ఉన్న చోటు గుర్తుగా కనబడుతుంది. మాటల మధ్య ఖాళీ లేకుండా, పుటకు నాలుగు నిలువు వరుసలుగా సాగే ఆ పెద్దక్షరాల రాత చూసి, అప్పుడప్పుడే గ్రీకు నేర్చుకుంటున్న విద్యార్థి బెదిరిపోకుండా ఉండడానికి ఈ ఒక్క సౌకర్యం ఎంతో తోడ్పడుతుంది. దిద్దుబాటు జరిగిన చోట మొదటి లేఖకుడు ఏమి రాశాడో, తర్వాతివారు దాన్ని ఏమని మార్చారో విడివిడిగా చూపించారు. ఈ పాఠాన్ని సిద్ధం చేసిన బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయ బృందం శ్రద్ధ ప్రతి పుటలోనూ తెలుస్తుంది. పక్క నుంచి పడే వాలు వెలుతురులో తీసిన ఫొటోలు కూడా ఉండడం వల్ల చర్మం ముడతలు, గీసుకున్న గీతలు కంటికి ఆనుతాయి.

ఈ సాధనం విలువ పూర్తిగా తెలియాలంటే మార్కు సువార్త చివరి పుట తెరవాలి. స్త్రీలు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదన్న 16:8 దగ్గర సువార్త ఆగిపోతుంది. దాని కింద అలంకారపు గీత, సువార్త పేరు, ఆ తర్వాత ఖాళీ జాగా, పక్క వరుస మొదటి నుంచి లూకా సువార్త. తొమ్మిదో వచనం నుంచి ఇరవయ్యో వచనం వరకు ఉన్న భాగం అక్కడ లేదని ఎన్నిసార్లు చెప్పినా విద్యార్థి మనసులో అది ఒక వాదనగానే మిగులుతుంది. ఖాళీ వరుసను స్వయంగా చూసిన తర్వాత అతడు వేసే ప్రశ్నలే వేరుగా ఉంటాయి. అయితే ఇక్కడ ఉపాధ్యాయుడు తొందరపడకూడదు. ఈ పుట ఉన్న పత్రం మొదట రాసినది కాదు, మొదటిదాన్ని తొలగించి మరో లేఖకుడు తిరిగి రాసి చేర్చినదని పండితులు చాలాకాలం క్రితమే గుర్తించారు. ఆ విషయం కూడా చెప్పి, సాక్ష్యం ఎంతవరకు మాట్లాడుతుందో, ఎక్కడ ఆగుతుందో విద్యార్థులనే తేల్చుకోనివ్వాలి. సంఘంలో పెరిగిన పిల్లల విశ్వాసం దీనివల్ల చెదురుతుందని భయపడే పెద్దలు ఉన్నారు. వారి ఆందోళనను నేను గౌరవిస్తాను. కానీ అదే ఖాళీ వరుసను రేపు ఫోన్‌లో ఎవరో అపరిచితుడు చూపించేకంటే, ఈరోజు తరగతిలో వివరంగా చూడడమే మేలని గట్టిగా నమ్ముతాను.

ప్రభువు ప్రార్థన చివర మనం కలిపి పలికే రాజ్యము, బలము, మహిమల స్తుతి మత్తయి 6:13 దగ్గర లేదు. మార్కు 1:1లో 'దేవుని కుమారుడు' అన్న మాటలను దిద్దుబాటులో పంక్తి పైన చేర్చారు. రెండూ చూపదగినవే. యోహాను 21:25 దగ్గర మాత్రం సైట్ పరిమితి తెలుస్తుంది. లేఖకుడు మొదట 24వ వచనంతోనే ముగించి, ఆ ముగింపును చెరిపి చివరి వచనం చేర్చాడని అతినీలలోహిత కాంతి పరీక్షలో తేలింది. సైట్‌లో మామూలు వెలుతురు, వాలు వెలుతురు ఫొటోలే ఉన్నందున ఆ సంగతిని చూసి తెలుసుకోలేము.

మతాల అధ్యయనం బోధించేవారికి ఈ వ్రాతప్రతి చరిత్రను చెప్పే విభాగం మరింత ఉపయోగపడుతుంది. జర్మన్ పండితుడు టిషెన్‌డార్ఫ్ 1844లో 43 పత్రాలను లైప్జిగ్ చేర్చడం, 1859లో మఠానికి తిరిగి ఇస్తానని రసీదు రాసి 347 పత్రాలను తీసుకుపోవడం, అవి రష్యా చక్రవర్తికి చేరడం, 1933లో సోవియట్ ప్రభుత్వం వాటిని లక్ష పౌండ్లకు బ్రిటిష్ మ్యూజియానికి అమ్మడం అన్నీ వివాదాస్పద ఘట్టాలే. నాలుగు సంస్థలూ కలిసి ఒప్పుకున్న కథనం కాబట్టి భాష ఆచితూచి ఉంటుంది; మఠం పక్షాన ఉన్న బాధ అందులో పూర్తిగా వినబడదు. అమరావతి శిల్పాలు అదే బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయని తెలిసిన మన విద్యార్థులకు ఈ చర్చ ఎందుకు ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు.

ఈ సైట్ ఫొటోలనే ఆధారంగా చూపి, ఈ వ్రాతప్రతి మొత్తం 19వ శతాబ్దపు నకిలీ అని వాదించే వీడియోలు కూడా చెలామణిలో ఉన్నాయి. లైప్జిగ్ పుటలు తెల్లగా, లండన్ పుటలు ముదురుగా కనబడడం వారి ముఖ్య వాదన. సైమోనిడీస్ అనే వ్యక్తి దాన్ని తానే రాశానని 1862లో ప్రకటించుకున్న మాట నిజమే. కానీ 1845లోనే రష్యా మతాధికారి ఉస్పెన్‌స్కీ మఠంలో ఈ ప్రతిని చూసి, ఆ తర్వాత దాని గురించి ప్రచురించాడు. 1975లో అదే మఠంలో మరికొన్ని పత్రాలు బయటపడ్డాయి. వేర్వేరు సంస్థల్లో తీసిన ఫొటోల రంగును చూసి చర్మం వయసు తేల్చకూడదన్నది డిజిటల్ ప్రతులతో పనిచేసే ప్రతి విద్యార్థి మొదటి వారంలోనే నేర్చుకోవలసిన సంగతి. సైట్ ఈ అపోహను ముఖాముఖిగా ఎదుర్కొంటే బాగుండేది.

తక్కిన లోపాలు బోధకుడు పూడ్చుకోగలిగినవే. సైట్ ఇంగ్లీషు, జర్మన్, గ్రీకు, రష్యన్ భాషల్లోనే నడుస్తుంది. ఇంగ్లీషు అనువాదం కొన్ని గ్రంథాలకే ఉంది. ఫొటో, పాఠం పక్కపక్కన చూడాలంటే పెద్ద తెర కావాలి కాబట్టి ఫోన్ మీద ఆధారపడే విద్యార్థులకు ప్రొజెక్టర్‌పై చూపడమే సరైన పద్ధతి. గ్రీకు అక్షరాలు కూడా రాని పాస్టర్ల శిక్షణ తరగతిలో మార్కు చివరి పుట ఒక్కటి చాలు, బి.డి. (వేదాంత పట్టా) విద్యార్థులకైతే ఒక అధ్యాయం అప్పగించి, అందులోని దిద్దుబాట్లన్నీ పట్టికగా రాసి తెమ్మనవచ్చు. పాఠానికి ముందురోజే కావలసిన పుటలను తెరిచి చూసుకోండి. 2023 అక్టోబరు సైబర్ దాడి తర్వాత బ్రిటిష్ లైబ్రరీ డిజిటల్ వ్రాతప్రతులు చాలాకాలం అందలేదు కనుక, ఏ సైట్ మీద ఆధారపడినా ముఖ్యమైన పుటల అచ్చు ప్రతులు దగ్గర ఉంచుకోవడం మంచిది.